అనకాపల్లిలో బస

సంపాదకవర్గం తమ్ముళ్లు ఫోన్ చేశారు. "అన్నయ్యా, ఈసారి వార్షికోత్సవానికి పాత విద్యార్థులు చాలామంది కుటుంబాలతో వస్తామంటున్నారు. అనకాపల్లిలో ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఊరి చరిత్ర ఏమిటి, ఓ నాలుగు పేజీలు రాసివ్వు. సోషల్ మాస్టారివి కదా" అన్నారు. సరేనన్నాను. తీరా కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే లాడ్జీల పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. ఈ ఊళ్లో నేను పడుకున్న చోట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పడుకోనివ్వని చోట్లు కూడా గుర్తొచ్చాయి. అందుకని తమ్ముళ్లు అడిగింది ఒకటి, నేను రాస్తున్నది ఒకటి అయితే మన్నించాలి.

ముందు ఊరి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మనవాళ్లకు కొత్తేం కాదు. శారదా నది పక్కన, విశాఖపట్నానికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న సంత ఊరు ఇది. 1893-96 మధ్య కోస్తా పొడుగునా రైలు దారి పడింది. అనకాపల్లి స్టేషన్ ఆ దారి మీదే ఉంది. చుట్టుపక్కల చెరకు, ఊళ్లో బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మనదొకటి. 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉంది. 2013లో మున్సిపాలిటీని విశాఖ కార్పొరేషన్‌లో కలిపారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం చేశారు. అంటే మన ఊరు తొమ్మిదేళ్లలో ఒకసారి శివారు అయింది, ఇంకోసారి రాజధాని అయింది. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో విశాఖ వెళ్లడమంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లే ప్రయాణం. ఇప్పుడు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని సిటీ బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తున్నారు.

ఇక నా సంగతి.

మా ఊరు చోడవరం దాటాక లోపలికి ఉంటుంది. మా అయ్య ఒక రైతు దగ్గర కంబారి. చెరకు నరికే రోజుల్లో చెరకు నరకడం, గానుగాడే రోజుల్లో పెనం కింద మంట వెయ్యడం, బెల్లం అయ్యాక బండి కట్టి అనకాపల్లి తోలడం ఆయన పని. సాయంత్రం నాలుగు బళ్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరితే తెల్లవారుజామున అనకాపల్లి చేరేవట. సరుకు దింపి, వేలంపాట అయ్యి, తూకం అయ్యేదాకా బండి కిందే గోనె పరుచుకుని పడుకునేవాడు. ఏడాదికి ఇరవై, పాతిక రాత్రులు ఆయన ఈ ఊళ్లో గడిపినవాడే. కానీ ఊరు చూడలేదు. మార్కెట్టు చూశాడంతే.

1986 జూన్‌లో నన్ను ఆరో తరగతిలో వెయ్యడానికి తీసుకొచ్చాడు. మా ఊరి మాస్టారు ఒక ఉత్తరం రాసిచ్చారు. నెత్తి మీద రేకు పెట్టె, అందులో కంచం, గ్లాసు, రెండు జతల బట్టలు. హాస్టల్ వెతుక్కుని చేరేసరికి సాయంత్రం అయిపోయింది. వార్డెన్ గారు ఆఫీసు పని మీద విశాఖ వెళ్లారు, రేపు గాని రారు. పేరు ఎక్కకుండా లోపల పడుకోబెట్టడానికి వీల్లేదన్నాడు వాచ్‌మన్. ఆయన తప్పేం లేదు. రూలు అది. మా ఊరి వైపు ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

అప్పటికి ఊళ్లో యాత్రికుల కోసం కట్టించిన సత్రాలు ఉండేవి. ఒక సత్రం ముందు అయ్య ఆగాడు. అరుగు మీద బల్బు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అయ్య మెట్లెక్కలేదు. కిందనే నిలబడి, తలపాగా తీసి, "బావూ, ఈ ఒక్క రాత్రికి గుంటడితో తొంగుంటాను" అన్నాడు.

"ఏ ఊరు?"

చెప్పాడు.

"ఎవుళ్ల తాలూకా?"

అదీ చెప్పాడు. అబద్ధం చెప్పడం మా అయ్యకి రాదు. చెప్పినా ఆయన నిలబడ్డ తీరు చూస్తే తెలిసిపోయేదనుకోండి.

పెద్దాయన కోప్పడలేదు, తిట్టలేదు. చాలా మర్యాదగా "ఖాళీల్లేవు నాయనా" అన్నాడు. ఆయన వెనకాల వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఖాళీగా నాకు కనిపిస్తూనే ఉంది. ఒక కుక్క మాత్రం పడుకుని ఉంది. "అయ్యా, అంత జాగా ఉంది గదా" అన్నాను. అయ్య నా చెయ్యి గట్టిగా నొక్కి "నడు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

అక్కణ్నుంచి నేరుగా బెల్లం మార్కెట్టుకు తీసుకెళ్లాడు. బెల్లం రోజులు కావు గనక షెడ్లు చాలావరకు ఖాళీ. అయినా ఒక మూల ఇద్దరు ముగ్గురు కళాసీలు బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. అయ్యను చూసి ఒకాయన "ఏటి మావా, ఈ అకాలంలో వొచ్చినావు? బండేదీ?" అన్నాడు. "బెల్లం నేదు, గుంటడున్నాడు. సదువులో ఎయ్యాల" అన్నాడు అయ్య. వాళ్లు గట్టిగా నవ్వారు. ఒకాయన రెండు గోనెలు దులిపి పరిచాడు. ఇంకొకాయన తన గిన్నెలోంచి నాకు చోడి అంబలి పోశాడు. రాత్రి పడుకున్నాక అయ్య అన్న మాట ఒకటే. "ఇక్కడైతే ఎవులూ ఏటీ అడగరు."

నాకు నిద్ర పట్టలేదు. సిమెంటు నేల మీద ఏళ్ల తరబడి కారి ఎండిన బెల్లం వాసన. పక్కన రైలు కూత. ఆ వయసులో నాకు తోచలేదు గాని తర్వాత చాలాసార్లు తోచింది. ఆ సత్రంలో పండగనాడు పరమాన్నం వండితే, అందులో వేసే బెల్లం మా అయ్య మంట పెట్టి వండి, నెత్తి మీద మోసి దింపిన బెల్లమే అయుంటుంది. దిమ్మ లోపలికి వెళ్లింది. దింపినవాడు మెట్టు కింద ఆగిపోయాడు.

సోషల్ మాస్టారిని గనక ఒక చట్టం సంగతి చెప్పాలి. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. 1976లో దానికే పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అందులో నాలుగో సెక్షన్ చదివితే దుకాణం, హోటలు, బావి, చెరువులతో పాటు ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని విడివిడిగా రాసి ఉంటుంది. జనానికి తెరిచి ఉంచిన సత్రంలోకి అంటరానితనం పేరుతో రానివ్వకపోతే నేరం. ఐదో సెక్షన్‌లో విద్యాసంస్థలు, వాటి హాస్టళ్లు ఉంటాయి. మేం ఆ అరుగు ముందు నిలబడేటప్పటికి ఆ చట్టానికి ముప్పై ఒక్క ఏళ్లు. చట్టానికి మా అయ్య కంటే పదేళ్లు తక్కువ వయసు. ఇద్దరికీ పరిచయం మాత్రం లేదు.

మర్నాడు వార్డెన్ గారు వచ్చారు. పేరు రాశారు. అయ్య వేలిముద్ర వేశాడు. "ఇక్కడ తొంగోడానికి డబ్బులేటైనా కట్టాలా బావూ?" అని అడిగాడు. అక్కర్లేదన్నారు. "తిండికి?" అక్కర్లేదన్నారు. అయ్య నా వైపు చూసి తల ఊపాడు. పెట్టె నా పక్కన పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. రోడ్డు మలుపు దాటేదాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. కామాటి తాత వచ్చి "లోపలికి రారా, సాంబారు చల్లారిపోతాది" అన్నాడు.

అప్పటి హాస్టల్ ఎక్కడుండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇప్పుడున్న సొంత భవనం అప్పుడు లేదు. ఒక పాత బెల్లం గోదాము అద్దెకు తీసుకుని నడిపేవారు. పెంకుటిల్లు, పొడుగాటి హాలు, రెండే కిటికీలు. అరవై మందిమి పడుకునేవాళ్లం. వానాకాలం వస్తే గోడలు చెమ్మగిల్లి జిగటగా అయ్యేవి. గోడకి వీపు ఆన్చి చదివితే చొక్కాకి అంటుకునేది. నాలికతో గోడ రుచి చూడనివాడు మా బ్యాచ్‌లో లేడు. తియ్యగానే ఉండేది, మధ్యలో సున్నం తగిలేది. ఇక చీమల సంగతి చెప్పనక్కర్లేదు. పుస్తకాల్లో చీమలు, దుప్పట్లో చీమలు. రాత్రిపూట ఎవడో ఒకడు లేచి గెంతేవాడు. ఇరవై ఏళ్ల తర్వాత కలిసినా మా బ్యాచ్ వాళ్లు ముందు అడిగేది చీమల గురించే.

ఆ గోదాము యజమానికి తర్వాత ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్లు దొరికారు. ఖాళీ చెయ్యమన్నాడు. వార్డెన్ గారు రెండు నెలలు ఊరంతా తిరిగారు. ఇల్లు ఉంది అన్నవాళ్లు ఏ హాస్టల్ అని అడిగి, చెప్పాక లేదు అన్నారు. ఒకసారి నేనూ ఇంకో అబ్బాయీ ఆయన వెంట వెళ్లాం. ఒక ఇంటి ముందు "పిల్లలు అల్లరి చేస్తారు, గోడలు పాడవుతాయి" అన్నారు. వార్డెన్ గారు తిరిగొస్తూ "గోడలేం చేశాయిరా మిమ్మల్ని" అన్నారు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. పిల్లలకు బస చూపించాల్సిన హాస్టలే బస కోసం తిరిగిన రోజులవి. ఆఖరికి ఊరి చివర దొరికింది. అక్కడ కరెంటు ఉండేది కాదు చాలా రోజులు. సొంత భవనం వచ్చాక చేరిన తమ్ముళ్లు ట్యూబ్‌లైట్ పోయిందని ఫిర్యాదు రాస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. రాయండి. అది మీ హక్కు.

అయ్య మూడు నెలలకోసారి వచ్చేవాడు. బెల్లం రోజుల్లో అయితే బండితో వచ్చేవాడు. తెల్లవారుజామున సరుకు దింపి, ఎనిమిది గంటలకు హాస్టల్ గేటు దగ్గర నిలబడేవాడు. తువ్వాల చివర కట్టిన చిన్న బెల్లం ముక్క తెచ్చేవాడు. బెల్లం గోదాములో ఉన్నవాడికి బెల్లం తేవడమేమిటని సావాసగాళ్లు ఆట పట్టించేవారు. ఎప్పుడూ లోపల పడుకోలేదు. ఒకసారి వాన పడుతుంటే వార్డెన్ గారే "వరండాలో పడుకోవయ్యా" అన్నారు. "వొద్దు బావూ, ఇది గుంటల జాగా" అని మార్కెట్టుకే వెళ్లిపోయాడు.

ఎనిమిదో తరగతిలో ఉండగా మా స్కూలు మాస్టారు బొజ్జన్నకొండకు తీసుకెళ్లారు. వచ్చేవాళ్లు తప్పకుండా చూడాల్సింది అదే గనక కొంచెం వివరంగా చెబుతాను. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం అనే పల్లె ఉంది. ఆ శంకరం అన్నది శివుడి పేరు కాదు, సంఘారామం అన్న మాట అరిగి అరిగి అలా అయింది. బౌద్ధ సంఘం నివసించే ఆరామం. పక్కపక్కనే రెండు కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమరది లింగాలకొండ. బుద్ధుడే జనం నోట్లో బొజ్జన్న అయ్యాడు. కొండ రాయినే తొలిచి గుహలు చేశారు, రాయినే చెక్కి చిన్నా పెద్దా స్థూపాలు చేశారు. లింగాలకొండ మీద వరసగా ఉన్న స్థూపాలు దూరం నుంచి లింగాల్లా ఉంటాయి, అందుకే ఆ పేరు. అసలు గుహలో పదహారు స్తంభాలు, మధ్యలో ఒకే రాతి స్థూపం. క్రీస్తు శకం నాలుగు నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచిందని చెబుతారు. 1906-08 మధ్య అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఆ తవ్వకాల్లో బయటపడింది.

మమ్మల్ని మాస్టారు గుహలన్నీ తిప్పి కొండపైకి ఎక్కించారు. అక్కడ ఇటుక గోడల పునాదులు మోకాలెత్తున ఉన్నాయి. చిన్న చిన్న గదులు వరసగా. "ఇవేంటి సార్?" అని అడిగాం. "భిక్షువుల గదులు. వాళ్లు ఇక్కడ ఉండి చదువుకునేవాళ్లు. వానాకాలం మూడు నెలలూ తిరగకుండా ఒకచోట ఉండిపోవాలని వాళ్లకు నియమం" అన్నారు. మాలో ఒకడు వెంటనే ఒక గదిలో వెల్లకిలా పడుకుని చేతులు చాపి కొలిచాడు. "రెండు చాపలు పడతాయి సార్. మనకంటే నయం" అన్నాడు. ఇంకొకడు "కామాటి ఎవరు సార్ వీళ్లకి?" అని అడిగాడు. మాస్టారు నవ్వాపుకోలేక కూర్చుండిపోయారు.

తర్వాత సీరియస్‌గా ఒక మాట చెప్పారు. ఉపాలి అని ఒక మంగలి బుద్ధుడి సంఘంలో చేరాడట. తనతో వచ్చిన శాక్య రాజకుమారుల కంటే ముందు ఆయనకే దీక్ష ఇచ్చారట, వాళ్లు ఆయనకి నమస్కారం పెట్టాల్సి రావాలని. సునీతుడనే పాకీపని చేసుకునే ఆయన్ని కూడా చేర్చుకున్నారట. ఇంతవరకూ బౌద్ధ గ్రంథాల్లో ఉన్నదే, తర్వాత నేనూ చదివాను. ఆ గదుల దగ్గర నిలబడి వింటుంటే నాకు మాత్రం ఆ సత్రం అరుగు కళ్ల ముందు ఆడింది. పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ల కిందట మా అయ్య నన్ను తీసుకుని సాయంత్రం వేళ ఈ కొండ ఎక్కి ఉంటే, ఎవుళ్ల తాలూకా అని అడిగి ఉండేవారా? మాస్టారిని అడుగుదామనుకుని అడగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మన సిగ్గు మనం దాచుకోకూడదు. కనుమ రోజున చుట్టుపక్కల ఊళ్ల జనం ఆ కొండకి తీర్థంలా వెళ్లేవారు. అక్కడొక ఆకారాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని రాళ్లు విసిరేవారు. నేనూ ఒక కనుమకి విసిరాను, సరదాగా ఉండేది. తర్వాత చరిత్ర తెలిసినవాళ్లు చెప్పీ, అధికారులు కాపలా పెట్టీ ఆ అలవాటు మాన్పించారు. మనకి ఒకప్పుడు బస ఇచ్చిన చోటు మీద మనమే రాళ్లు వేశామని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పదో తరగతితో మన హాస్టల్ అయిపోయింది. ఇంటర్ కాలేజీ హాస్టల్లో గడిచింది. డిగ్రీ రెండో ఏడు నుంచి గది అద్దెకు తీసుకోవాల్సొచ్చింది. ఈ భాగం ఎక్కువ రాయను, మీలో గది వెతుక్కున్న ప్రతివాడికీ తెలిసిందే. సత్రం పెద్దాయనలా ఎవరూ సూటిగా అడగరు. "ఇంటిపేరేంటి బాబూ?" అంటారు. "నీసు వండుతారా?" అంటారు. "నాన్నగారేం చేస్తారు?" అంటారు. మూడు ప్రశ్నలకీ నిజం చెబితే నాలుగో ప్రశ్న ఉండదు. ఐదు ఇళ్లు తిరిగాక, మన కామాటి తాత తన ఇంటి వెనక పాక చూపించాడు. నెలకు అరవై రూపాయలు. ఆ పాకలో ఉండే డిగ్రీ పూర్తి చేశాను.

అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఆ పాకలోనే చదివాను. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా వెళ్లి ఉద్యోగంలో చేరితే, ఆ మహానుభావుడికి ఊళ్లో ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీ వాళ్ల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని ఉన్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. సాయంత్రం దాకా ఒక పార్కులో చెట్టు కింద కూర్చుని రాత్రి రైలెక్కి వెళ్లిపోయాడు. చదువుతూ చదువుతూ పుస్తకం మూసేశాను. మా అయ్య అబద్ధం చెప్పలేదు గనక ఒక్క నిమిషంలో తేలిపోయింది. ఆయన పదకొండు రోజులు భయపడుతూ బతికాడు. ఏది ఎక్కువ కష్టమో నాకు ఇప్పటికీ తెలియదు. 1925లో షోలాపూర్‌లో మన పిల్లల కోసం ఆయన సంస్థ హాస్టల్ తెరిచిందని చదివినప్పుడు మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. చెట్టు కింద కూర్చున్నవాడికే తెలుస్తుంది ముందేం కట్టాలో.

2000 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మరుసటి సంవత్సరం అయ్యకి కంటి ఆపరేషన్ చేయించడానికి అనకాపల్లి తీసుకొచ్చాను. పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలి గనక ముందు రోజు రాత్రికి లాడ్జీలో గది తీసుకున్నాను. డబుల్ రూము, ఫ్యాను, అటాచ్‌డ్ బాత్రూం. ఆ రోజుల్లో నా జీతానికి అది కొంచెం ఎక్కువే, కానీ కావాలనే తీసుకున్నాను. కౌంటర్ దగ్గర రిజిస్టర్ ఇచ్చారు. పేరు, ఊరు, పని, ఎందుకొచ్చారు, ఎప్పుడు వెళ్తారు. నేను రాస్తుంటే అయ్య నా భుజం మీంచి తొంగి చూశాడు. చదవడం రాదు, కళ్లు కూడా సరిగ్గా కనిపించడం లేదు. గడులు మాత్రం లెక్కపెట్టాడు.

"ఇందల కులం గడి ఏది?"

"లేదయ్యా."

"మరి నోటితో అడుగుతారేటి?"

"అడగరు."

కౌంటర్ కుర్రాడు తలెత్తి మా ఇద్దర్నీ చూసి, తాళం చెవి నా చేతిలో పెట్టాడు. ఏమీ అడగలేదు.

గదిలోకి వెళ్లాక అయ్య మంచం ఎక్కలేదు. దుప్పటి తెల్లగా ఉంది, మాసిపోతుందన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. తువ్వాల నేల మీద పరుచుకుని పడుకున్నాడు. ఆయన కింద పడుకుంటే నేను మంచం మీద ఎలా పడుకోను? నేనూ కిందికి దిగాను. అద్దె కట్టిన రెండు మంచాలూ ఖాళీగా ఉన్నాయి. తండ్రీకొడుకులం గచ్చు మీద పడుకుని ఫ్యాను వంక చూస్తూ చాలాసేపు మాట్లాడుకున్నాం. మార్కెట్టులో పడుకున్న రాత్రి గుర్తుందా అని అడిగాను. ఉందన్నాడు. సత్రం గుర్తుందా అని అడిగాను. కాసేపు ఊరుకుని, "నువ్వు మర్సిపోయుంటావనుకున్నాను" అన్నాడు.

మూడింటికి రోడ్డు మీద లారీల చప్పుడు వినిపించి లేచి కూర్చున్నాడు. "బెల్లం దిగతంది. ఒకపాలి ఎల్లొద్దాం రా" అన్నాడు. చలిలో మార్కెట్టుకు వెళ్లాం. ఎడ్లబళ్లు లేవు, అన్నీ ట్రాక్టర్లు, లారీలు. పది, పదిహేను కిలోల దిమ్మలు వరసలు పేర్చి ఉన్నాయి. దళారులు ఇంకా రాలేదు. అయ్య ఒక దిమ్మ దగ్గర కూర్చుని, కళ్లు కనిపించక వేళ్లతో తడిమి, వాసన చూసి "ఇది రెండో రకం. తెల్లగా కనపడాలని మందు ఏసినారు" అన్నాడు. పక్కనున్న కళాసీ "కనిపెట్టేసినావు తాతా" అన్నాడు. ఆ మందు హైడ్రోస్. రంగు వస్తే ధర వస్తుందని పెనంలో వేస్తారు. ఇప్పుడు మందు వెయ్యని బెల్లానికే గిరాకీ అంటున్నారు, మంచిదే. ఆపరేషన్ బాగా అయింది. ఆయన 2011 దాకా ఉన్నాడు.

ఇక తమ్ముళ్లు అడిగినవి.

జిల్లా కేంద్రం అయ్యాక లాడ్జీలు పెరిగాయి. నెహ్రూ చౌక్ చుట్టూ, బస్టాండు దగ్గర, స్టేషన్ దారిలో దొరుకుతాయి. ఆధార్ కార్డు తప్పకుండా తెచ్చుకోండి. కొత్త అమావాస్య రోజుల్లో మాత్రం గదులు ఆశించకండి. ఉగాది ముందు వచ్చే ఆ అమావాస్యకి గవరపాలెం నూకాంబిక జాతర మొదలై నెల రోజులు సాగుతుంది. చుట్టుపక్కల జనమంతా ఇక్కడే ఉంటారు. ఏ అరుగు చూసినా, ఏ షాపు మెట్లు చూసినా మూటలు, పిల్లలు, కోళ్లు. ఎవరూ ఎవర్నీ ఏ ఊరని కూడా అడగరు. ఈ ఊరు అందరికీ చోటిచ్చే రాత్రి ఏడాదికి ఒకటుంది గనక అది కూడా చెప్పాలి. మా వార్షికోత్సవం ఆ రోజుల్లో పడలేదు, అదృష్టం.

బొజ్జన్నకొండకు ఆటోలో వెళ్లొచ్చు. పొద్దున ఎనిమిది లోపు వెళ్లండి, తర్వాత రాయి కాలుతుంది. పిల్లలు గుహలు చూసి దిగిపోతామంటారు, దిగనివ్వకుండా పైకి తీసుకెళ్లి ఆ గదులు చూపించండి. బెల్లం మార్కెట్టు చూడాలంటే తెల్లవారాక వేలం టైముకి వెళ్లండి. కళాసీల దారికి అడ్డం నిలబడి ఫోటోలు తియ్యకండి, తిడతారు, తప్పు మీదే.

ఆ సత్రం ఎక్కడ అని కొందరు అడుగుతారని తెలుసు. ఇప్పుడు లేదు. పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. పెద్దాయన కూర్చున్న అరుగు దగ్గర ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. నిరుడు అందులో ఛార్జర్ కొన్నాను. షాపు కుర్రాడు కుర్చీ వేసి కూర్చోమన్నాడు. కూర్చున్నాను, అవసరానికంటే కాసేపు ఎక్కువే కూర్చున్నాను.

లాడ్జీ వద్దనుకునేవాళ్ల కోసం హాస్టల్లో రెండు హాళ్లు ఖాళీ చేయించి పెడుతున్నారు పిల్లలు. చాపలు ఉన్నాయి, దుప్పట్లు మీరే తెచ్చుకోండి. ఈసారి అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్లు వాళ్లను గేటు దగ్గర ఆపకండి. ఆ రెండు రాత్రులకు పెద్దవాళ్లు కూడా లోపలే పడుకోవచ్చని వార్డెన్ గారితో ముందే మాట్లాడాం, ఒప్పుకున్నారు. రాత్రి బండికి దిగేవాళ్లు ముందుగా ఏ రైలో చెప్పండి. స్టేషన్‌కి నేనొస్తాను.